కిడ్నీ దెబ్బతిన్నాక షుగరు మందుల లెక్క మారుతుంది

పాఠకుల ప్రశ్నలు – మధుమేహ, మూత్రపిండ వైద్య నిపుణుల జవాబులు

షుగరు, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఇక్కడి డోసులు మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు పనికొస్తాయని రాసినవి. వీటిని చూసి మెడికల్ షాపులో మీ అంతట మీరు మందులు మార్చుకోకండి.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. 18 ఏళ్లుగా షుగరు. గ్లిమిపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 1000 కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటారు. పరగడుపున ఎప్పుడూ 180కి తగ్గని షుగరు ఈ మూడు నెలల్లో దానంతట అదే 90కి దిగింది. నయమైపోయిందని ఇంటిల్లిపాదీ సంతోషించాం. పోయిన వారం తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టాయి, పిలిస్తే పలకలేదు. ఆస్పత్రిలో చూస్తే షుగరు 42, క్రియాటినిన్ 2.6. షుగరు పడిపోవడానికీ కిడ్నీకీ ఏమిటి సంబంధం? (తెనాలి)

జవాబు: చాలా దగ్గరి సంబంధం. వాడిన ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తీసేసే పనిలో పెద్ద భాగం కిడ్నీలదే. అవి మందగిస్తే ఒంట్లో ఊరిన ఇన్సులిన్ అయినా, సూదితో ఎక్కించినదైనా ఎక్కువసేపు నిలిచి పనిచేస్తూనే ఉంటుంది. ఇంకొకటి, రాత్రంతా ఏమీ తినకుండా ఉన్నప్పుడు కాలేయంతోపాటు కిడ్నీ కూడా కొంత గ్లూకోజు తయారుచేసి షుగరు పడిపోకుండా కాపాడుతుంది. ఆ ఆసరా కూడా పోతుంది. దీనికి తోడు ఆకలి మందగించి తిండి తగ్గుతుంది. కాబట్టి ఏళ్ల తరబడి మొండికేసిన షుగరు కారణం లేకుండా దిగివచ్చిందంటే, ముందు చేయించాల్సింది కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష. మిఠాయిలు పంచుకోవడం తర్వాత.

66 ఏళ్ల మగవారికి క్రియాటినిన్ 2.6 అంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత ఎంత మిగిలిందో చెప్పే అంచనా) సుమారు 26. అంటే కిడ్నీ జబ్బు నాలుగో దశ. ఈ స్థితిలో ఆయన వేసుకుంటున్న మాత్రలోని రెండు మందులూ సరిపడవు. గ్లిమిపిరైడ్‌ను కాలేయం విరిచాక వచ్చే ఒక పదార్థానికి కూడా షుగరు తగ్గించే గుణం ఉంటుంది, అది మూత్రంలోంచే బయటికి పోవాలి. పోకపోతే పేరుకుంటుంది. అదే కోవకు చెందిన గ్లిబెన్‌క్లమైడ్ అయితే మరీ ప్రమాదం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు దాని జోలికే వెళ్లకూడదు. మెట్‌ఫార్మిన్ వల్ల షుగరు పడిపోదుగానీ, అది ఏ మార్పూ లేకుండా కిడ్నీ ద్వారానే పోయే మందు. ఈజీఎఫ్ఆర్ 30కి దిగువన ఉంటే ఆపేయాలి, లేకపోతే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకునే ముప్పు ఉంది. 30కీ 45కీ మధ్య ఉన్నవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు మించకూడదు. మీ నాన్నగారు 2000 వేసుకుంటున్నారు.

రెండు మందులు ఒకే మాత్రలో ఉండటం వల్ల ఇక్కడో చిక్కు. అట్ట మీద పెద్దక్షరాల్లో బ్రాండు పేరు, చివర ఒక అంకె మాత్రమే కనిపిస్తాయి. లోపల ఏమున్నాయో ఇంట్లో ఎవరికీ తెలియదు. అట్ట వెనక చిన్నక్షరాల్లో ఉన్న మందుల పేర్లను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

మరి ఏం వాడాలి? లినాగ్లిప్టిన్ 5 మిల్లీగ్రాములు ఎక్కువగా పిత్తం ద్వారా పోతుంది కాబట్టి కిడ్నీ ఏ దశలో ఉన్నా డోసు మార్చనక్కర్లేదు. సీటాగ్లిప్టిన్ అయితే ఈజీఎఫ్ఆర్ 30–45 మధ్య 50, 30కి దిగువన 25 మిల్లీగ్రాములు. విల్డాగ్లిప్టిన్ 50కి దిగువన రోజుకు ఒక్కసారే. వీటితో సరిపోకపోతే తక్కువ డోసు ఇన్సులిన్. ఇన్సులిన్ ముందే వాడుతున్నవాళ్లకు కూడా ఈజీఎఫ్ఆర్ 50కి దిగువకు వచ్చాక మొత్తం డోసులో సుమారు పావు వంతు, 10–15కి చేరాక సుమారు సగం తగ్గించాల్సి వస్తుంది. ఇది అందాజు లెక్క. అసలు లెక్క గ్లూకోమీటరు చెబుతుంది.

ఇక షుగరు పడిపోయినప్పుడు ఏం చెయ్యాలో చెప్పుకుందాం, ఎందుకంటే ఇంట్లో అందరూ తప్పు చేసేది ఇక్కడే. మీటరులో 70కి దిగువన ఉంటే 3 టీచెంచాల గ్లూకోజు పొడి లేదా పంచదార సగం గ్లాసు నీళ్లలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. దాటాక రెండు ఇడ్లీలో, నాలుగు బిస్కెట్లో తినిపించండి. బత్తాయి రసం, కొబ్బరినీళ్లు వద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ. చాక్లెట్ కూడా వద్దు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. వోగ్లిబోస్ లేదా అకార్బోస్ వాడుతున్నవాళ్లకు పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజు పొడే కావాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏదీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కించగానే లేచి కూర్చుంటారు. ‘బాగానే ఉన్నారుగా’ అని వెంటనే ఇంటికి తీసుకెళ్లకండి. గ్లిమిపిరైడ్ రకం మాత్ర వల్ల పడిపోయిన షుగరు, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లలో కొన్ని గంటల తర్వాత మళ్లీ పడుతుంది. కనీసం 24 గంటలు ఆస్పత్రిలోనే ఉంచి చూడాలి.

ప్రశ్న: నేను 62 ఏళ్ల మహిళను, షుగరు వచ్చి పన్నెండేళ్లు. క్రియాటినిన్ 1.4. రిపోర్టులో మామూలు విలువ 1.2 వరకు అని ఉంది. ‘కొంచెమే ఎక్కువ’ అని ల్యాబువాళ్లు అన్నారు. డాక్టరుగారేమో మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా రాశారు. అవసరమా? (నిజామాబాద్)

జవాబు: అవసరమే, ఏడాదికి కనీసం ఒకసారి. క్రియాటినిన్ అంకె ఒక్కటి చూస్తే మోసపోతాం. అది కండరాల నుంచి వస్తుంది, కండ తక్కువైనవాళ్లలో తక్కువగా కనిపిస్తుంది. అదే 1.4 పాతికేళ్ల కుర్రాడికి వస్తే ఈజీఎఫ్ఆర్ 71 చుట్టూ ఉంటుంది. మీకు లెక్కవేస్తే 42 దగ్గర తేలుతుంది. ‘కొంచెమే ఎక్కువ’ అన్న మీ రిపోర్టు నిజానికి కిడ్నీ పని సగానికన్నా తగ్గిందని చెబుతోంది. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ వెయ్యకపోతే వేసి ఇమ్మని అడగండి, వయసు, ఆడా మగా తెలిస్తే చాలు.

ఆల్బుమిన్ పరీక్ష రెండో కన్ను లాంటిది. జల్లెడకు చిల్లు పడితే పిండితోపాటు తవుడు జారినట్టు, కిడ్నీ వడపోత పాడైతే మూత్రంలోకి ఆల్బుమిన్ అనే ప్రోటీన్ జారుతుంది. పొద్దున లేవగానే పోసే మొదటి మూత్రం, మధ్యధార, ల్యాబు ఇచ్చిన డబ్బాలో పట్టి ఇవ్వండి. ‘ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి’ అని అడగండి, మామూలు మూత్ర పరీక్షలోని ప్లస్ గుర్తులు చాలవు. 30కి దిగువన మంచిది, 30–300 మధ్య హెచ్చరిక, 300 దాటితే కిడ్నీకీ గుండెకీ కూడా ముప్పు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు బాగా ఒళ్లు అలిసే పని ఉంటే అంకె అబద్ధంగా పెరుగుతుంది. అందుకే మూడు నెలల వ్యవధిలో మూడుసార్లు చేసి, రెండుసార్లు ఎక్కువ వస్తేనే ఖాయం చేస్తాం.

మీరు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే పైన చెప్పిన 1000 హద్దు మీకు వర్తిస్తుంది. ఇంకెవరైనా డాక్టరు రంగు ఎక్కించే సీటీ స్కాన్ గానీ, యాంజియోగ్రామ్ గానీ రాస్తే, ఈ 42 అంకె ముందే చెప్పండి. మెట్‌ఫార్మిన్ ఆ రోజు ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూసి మళ్లీ మొదలుపెడతారు.

ప్రశ్న: 58 ఏళ్లవాణ్ణి. క్రియాటినిన్ 1.5 ఉండగా డాక్టరు డాపాగ్లిఫ్లోజిన్ 10 మొదలుపెట్టారు. నెల తర్వాత 1.7 అయింది. కిడ్నీకి మంచిదని ఇచ్చిన మందే కిడ్నీని చెడగొడుతోందని ఆపేశాను. మర్మాంగం దగ్గర దురద కూడా వచ్చింది. (రాజమహేంద్రవరం)

జవాబు: ఆపడం తొందరపాటు. మీ ఈజీఎఫ్ఆర్ సుమారు 54 నుంచి 46కి దిగింది, పదిహేను శాతం లోపే. ఈ మందు వడపోత జరిగే సన్నని రక్తనాళాల్లోని అధిక పీడనాన్ని తగ్గిస్తుంది. పీడనం తగ్గగానే వడపోత కాస్త నెమ్మదిస్తుంది, క్రియాటినిన్ కొద్దిగా పెరుగుతుంది. అది ఆగి, ఆపైన ఏళ్ల తరబడి కిడ్నీ అరిగే వేగం తగ్గుతుంది. 30 శాతం వరకు దిగినా మేము మందు ఆపం. అంతకు మించితే నీరు తగ్గిందా, నీరు పోయే మాత్ర ఎక్కువైందా, కిడ్నీ రక్తనాళం ఇరుకైందా అని వెతుకుతాం. బీపీకిచ్చే టెల్మిసార్టాన్, రామిప్రిల్‌ల విషయంలోనూ ఇదే లెక్క. మొదలుపెట్టిన 2–4 వారాలకు క్రియాటినిన్, పొటాషియం చూసి, 30 శాతంలోపు పెరుగుదల అయితే కొనసాగిస్తాం.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్‌లను ఈజీఎఫ్ఆర్ 20–25 వరకు ఉన్నవాళ్లకు మొదలుపెట్టవచ్చు. అయితే 45కి దిగువన ఇవి షుగరును తగ్గించేది స్వల్పమే, అక్కడ వీటిని ఇచ్చేది కిడ్నీకీ గుండెకీ రక్షణగా. ‘షుగరు తగ్గలేదు, మందు దండగ’ అనుకుని మానేసేవాళ్లు చాలామంది. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025లో ముగిశాక చాలా కంపెనీలవి చవకగా దొరుకుతున్నాయి కాబట్టి ధర కూడా ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు.

దురద సంగతి: మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి అక్కడ బూజు పెరుగుతుంది. మూత్రం పోసిన ప్రతిసారీ నీళ్లతో కడిగి పొడిగా తుడుచుకోండి. క్లోట్రిమజోల్ క్రీము వారం పది రోజులు రాస్తే ఎక్కువమందికి తగ్గిపోతుంది. అక్కడ వాపు, ఎర్రదనం, తట్టుకోలేని నొప్పి, జ్వరం ఉంటే మాత్రం అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఒక జాగ్రత్త: ఏ ఆపరేషనుకైనా కనీసం మూడు రోజుల ముందు ఈ మందు ఆపాలి. తిండి మానేసి ఉన్నప్పుడు దీనివల్ల ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుంటాయి, అప్పుడు షుగరు 200 లోపే ఉండొచ్చు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే ‘షుగరు బాగానే ఉందిగా’ అని ఊరుకోవద్దు.

ప్రశ్న: మా వారికి షుగరు, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నాయి. బరువు 60 కిలోలు. షుగరుకు మంచిదని రెండు పూటలా రాగి సంగటి పెడుతున్నాను. బీపీ ఉందని లో సోడియం ఉప్పు తెచ్చాను. వేడి చేయకుండా రోజూ కొబ్బరి బోండాం. ఇంత జాగ్రత్తగా ఉన్నా పొటాషియం 5.6 వచ్చింది. ఎక్కడ తప్పు జరిగింది? (అనంతపురం)

జవాబు: మీరు చెప్పిన మూడింటిలోనూ. మీ తప్పేమీ లేదమ్మా, షుగరువాళ్లకు చెప్పే సలహాలు వేరు, కిడ్నీవాళ్లకు చెప్పేవి వేరు. రెండూ ఉన్నవాళ్లకు అవి ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి.

ముందు ఆ ఉప్పు డబ్బా పక్కన పెట్టేయండి. సోడియం తగ్గించడానికి అందులో కలిపేది పొటాషియం క్లోరైడ్. బీపీ మాత్రమే ఉన్నవాళ్లకు మంచిదే కావచ్చు, కిడ్నీ పొటాషియంను బయటికి పంపలేనివాళ్లకు అది నేరుగా విషం పెట్టినట్టే. మామూలు ఉప్పే వాడండి, వంటలన్నిటికీ కలిపి మనిషికి రోజుకు ఒక టీచెంచా (5 గ్రాములు) మించకుండా. ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఉప్పుచేప ఈ లెక్కలోకే వస్తాయి. కూరలో ఉప్పు తగ్గించి పక్కన ఆవకాయ వేసుకుంటే లాభం లేదు.

బోండాం మానేయాలి. ఒక్క బోండాం నీళ్లలో 500 మిల్లీగ్రాములకు పైనే పొటాషియం ఉంటుంది.

సంగటి గురించి చెబితే రాయలసీమవాళ్లకు కోపం వస్తుంది కానీ చెప్పాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో పొటాషియం 440 మిల్లీగ్రాముల పైన, తెల్ల బియ్యంలో 110 లోపు. నాలుగు రెట్లు. ఫాస్ఫరస్ రెండు రెట్లు. పిండిని నానబెట్టి పారబోయలేం, సంగటిలో నీళ్లూ లోపలే ఉంటాయి. అన్నమైతే ఎక్కువ నీళ్లు పోసి వండి గంజి వార్చవచ్చు, కొంత పొటాషియం గంజితో పోతుంది. (ఆ గంజిలో ఉప్పేసి తాగించకండి.) పొటాషియం 5 లోపుకు వచ్చేదాకా సంగటి ఆపండి. వచ్చాక రోజుకు ఒక పూట, చిన్న ముద్ద, బియ్యం నూక ఎక్కువగా వేసి చేసుకోవచ్చు. షుగరు పెరుగుతుందని భయపడకండి, ఏ గింజైనా కొలత ముఖ్యం. పూటకు ఒక కప్పు వండిన అన్నం, పక్కన రెండింతల కూర ఉంటే షుగరు అదుపులోనే ఉంటుంది.

కూరగాయలకు: బంగాళాదుంప, చిలగడదుంప, చేమగడ్డ, పాలకూర, టమాటా ఎక్కువ పొటాషియం ఉన్నవి. బీర, సొర, పొట్ల, దొండ, వంకాయ, క్యాబేజీ నయం. దుంపలు తినక తప్పదంటే చెక్కు తీసి, చిన్న ముక్కలు చేసి, గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టి పారబోసి, మళ్లీ ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లూ పారబోయండి. ప్రెషర్ కుక్కర్‌లో కొద్ది నీళ్లతో ఉడికిస్తే ఈ ఉపయోగం ఉండదు. పండ్లలో జామ, యాపిల్, బొప్పాయి చిన్న ముక్క పర్వాలేదు. అరటిపండు, సపోటా వద్దు.

ప్రోటీన్ అసలే మానేయిస్తారు కొందరు, అది తప్పు. డయాలసిస్ మొదలుకానివాళ్లకు కిలో బరువుకు 0.8 గ్రాములు, మీవారికి రోజుకు 48. ఉజ్జాయింపుగా 200 గ్రాముల బియ్యంలో 15–16, 30 గ్రాముల కందిపప్పులో 6–7, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగులో 10, ఒక గుడ్డులో 6, కూరగాయలు వగైరాల్లో 5–6. అన్నీ కలిపితే 45 దాకా వచ్చేశాయి. అంటే పప్పు, గుడ్డు, పెరుగు తినవచ్చు, కొలతతో. ఈ లెక్క మీద రోజూ కోడికూర పడితేనే హద్దు దాటుతుంది. డయాలసిస్ మొదలైతే కథ తిరగబడుతుంది, అప్పుడు 1.0–1.2 గ్రాములు కావాలి.

5.6 మళ్లీ ఒకసారి చూపించండి. రక్తం తీసేటప్పుడు పట్టీ బాగా బిగించినా, నమూనా ఆలస్యంగా ల్యాబుకు చేరినా అంకె ఎక్కువ వస్తుంది. నిజంగానే ఎక్కువైతే పొటాషియంను పెంచే టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ వంటి మందులు వాడుతున్నారా చూడాలి. మలబద్ధకం ఉన్నా పెరుగుతుంది. 6 దాటితే ఆ రోజే ఈసీజీ తీయించాలి, ఇంట్లో పథ్యంతో తగ్గించే అంకె కాదది.

ప్రశ్న: నాకు వారానికి మూడు డయాలసిస్‌లు. హెచ్‌బీఏ1సీ 6.1 అని వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. ఇంట్లో మీటరులో మాత్రం 220, 240 చూపిస్తోంది. మీటరు పాడైందా? (ఖమ్మం)

జవాబు: మీటరునే నమ్మండి. హెచ్‌బీఏ1సీ అంటే ఎర్రకణాలకు మూడు నెలలుగా అంటుకున్న చక్కెర లెక్క. డయాలసిస్‌వాళ్ల ఎర్రకణాలు అంతకాలం బతకవు. పైగా రక్తం పట్టడానికి వేసే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ల వల్ల కొత్త కణాలు ఎక్కువ పుడతాయి, వాటికి ఇంకా చక్కెర అంటుకుని ఉండదు. రక్తం ఎక్కించినా అంతే. అందుకే అంకె తక్కువ చూపిస్తుంది. ఐరన్ లోపంలో దానికి తలకిందులుగా ఎక్కువ చూపుతుంది.

వారంలో రెండు రోజులు, అందులో ఒకటి డయాలసిస్ రోజు, పరగడుపున, భోజనమైన రెండు గంటలకు, పడుకునే ముందు మీటరుతో చూసి పుస్తకంలో రాసి డాక్టరుకు చూపించండి. మీ స్థితిలో పరగడుపున 100–150, తిన్నాక 200 లోపు ఉంటే బాగున్నట్టే. 6.1 మీదే నమ్మకం పెట్టుకుని ఇన్సులిన్ తగ్గించినా, 240 చూసి ఒక్కసారి పెంచేసినా తప్పే. డయాలసిస్ ద్రవంలో గ్లూకోజు ఉందో లేదో టెక్నీషియన్‌ను అడగండి. లేనిదైతే రక్తంలోని గ్లూకోజు ద్రవంలోకి పోతుంది, మిషను మీద ఉండగానో ఇంటికి వెళ్లే దారిలోనో షుగరు పడిపోతుంది. డయాలసిస్ రోజుకు ఇన్సులిన్ డోసు వేరుగా రాయించుకోండి, జేబులో గ్లూకోజు పొడి ఉంచుకోండి.

ప్రశ్న: మాది సోంపేట మండలం. ఆరేళ్లుగా షుగరు, ఇప్పుడు క్రియాటినిన్ 2 దాటింది. షుగరు వల్ల వచ్చిందా, మా ఉద్దానం ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బా? (శ్రీకాకుళం జిల్లా)

జవాబు: తేల్చడానికి రెండు ఆధారాలు తేలిగ్గా దొరుకుతాయి. మూత్రంలో ఆల్బుమిన్, కంటి రెటీనా. షుగరు వల్ల వచ్చిన కిడ్నీ జబ్బులో సాధారణంగా ముందు ఆల్బుమిన్ పోతుంది, బీపీ పెరుగుతుంది, రెటీనాలో కూడా రక్తనాళాలు దెబ్బతిని ఉంటాయి, షుగరు వచ్చి పదేళ్లకు పైగా అయి ఉంటుంది. ఉద్దానం జబ్బు వడపోత కన్నా గొట్టాలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీస్తుంది. ఆల్బుమిన్ పోవడం చాలా తక్కువ, బీపీ కూడా మొదట్లో మామూలుగానే ఉంటుంది. ఉద్దానం జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మీకు ఆరేళ్లే కాబట్టి, కన్ను శుభ్రంగా ఉండి ఆల్బుమిన్ తక్కువగా ఉంటే షుగరు మీద నేరం మోపడానికి లేదు. మూత్రంలో రక్తకణాలున్నా, కిడ్నీ పని నెలల్లోనే వేగంగా పడిపోతున్నా బయాప్సీ అడగవచ్చు. కారణం ఏదైనా షుగరు మందుల డోసులు ఈజీఎఫ్ఆర్ ప్రకారమే మారాలి.

ప్రశ్న: నేను దుబాయ్‌లో ఉంటాను. కరీంనగర్‌లో ఉన్న అమ్మకు షుగరు, కిడ్నీ సమస్య. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుంటుంది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అన్ని మాత్రలూ వేసుకుంటూనే ఉంటుంది. ఫోనులో ఏం చెప్పాలి?

జవాబు: మొదట ఇంజెక్షన్ ఆపించండి. అది ఎక్కువగా కిడ్నీని దెబ్బతీసే డైక్లోఫినాక్ అయి ఉంటుంది. అసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ మాత్రలూ అదే కోవ. నొప్పికి పారాసిటమాల్ 500, అవసరమైతే రోజుకు మూడుసార్లు. పైపూత మందు, కాపడం ఫర్వాలేదు. పసర్లు, భస్మాలు, ‘షుగరు చూర్ణాలు’ కూడా ఇదే జాబితాలో చేర్చండి. కొన్నింటిలో సీసం, పాదరసం ఉంటాయి.

వాంతులు విరేచనాలై ఏమీ తినలేక, తాగలేక ఉన్న రోజున మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ రకం, టెల్మిసార్టాన్ లేదా రామిప్రిల్ రకం, నీరు పోయే మాత్ర, గ్లిమిపిరైడ్ ఆపాలని డాక్టరుతో ముందే రాయించి, ఆ కాగితం మందుల డబ్బా మూతకు అంటించమనండి. ఒంట్లో నీరు తగ్గిన వేళ వీటిలో కొన్ని కిడ్నీని అమాంతం పడగొడతాయి, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ లాంటివి ఒంట్లో పేరుకుని ముప్పు తెస్తాయి. మామూలుగా తినడం మొదలైన 24–48 గంటల తర్వాత మళ్లీ వేసుకోవాలి, చాలామంది ఈ రెండో సగం మర్చిపోయి నెలల తరబడి బీపీ మాత్ర లేకుండా ఉండిపోతారు. ఇన్సులిన్ మాత్రం పూర్తిగా ఆపకూడదు, మీటరు చూసి డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. రోజంతా మూత్రం సరిగా రాకపోయినా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా పొద్దున్నదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లమని పక్కింటివాళ్లకు కూడా చెప్పి ఉంచండి.